పులిహోర గిన్నె కింద శారీ గార్డు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండమ్మా. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. మగాళ్ళ మోటారుసైకిళ్ళ తిరనాళ్ళ సంగతి చెప్తాను.

మాది తెనాలి. మా ఆయన పాత బుల్లెట్టు మీద ప్రతి ఆదివారం రేపల్లెలో మా అక్క దగ్గరకు వెళ్ళేవాళ్ళం. అక్క కాలుజారి పడ్డప్పటి నుంచి మంచం దిగలేదు. వారానికోసారి ఆవిడకు తలంటు పోసేది నేనే.

కిందటేడు మా ఆయనకి బండి ఆల్టరేషన్ పిచ్చి పట్టింది. రెండు నెలలు షెడ్డులో పెట్టి తెచ్చాడు. చూస్తే వెనక సీటు లేదు. చీర చక్రంలో పడకుండా అడ్డుండే ఇనప చట్రం, ఆ శారీ గార్డూ లేదు. రెండూ ఊడబీకించి గోతంలో వేసి తెచ్చాడు. సైలెన్సరు మాత్రం వీధి వీధంతా ఉలిక్కిపడేట్టు పెట్టించాడు. ఒక్క మనిషి కూర్చునే బండికి అంత మోత ఎందుకో మరి.

"నేనెక్కడ కూర్చోవాలండీ?" అన్నాను.

"ఇంకో మనిషి ఎక్కితే లుక్ పోతుందే," అన్నాడు.

సీటు మళ్ళీ పెట్టించండని ఎంత మొత్తుకున్నా వినకపోతే రైలెక్కాను. అక్క జుట్టు ఆరకముందే తిరుగు రైలు టైమయ్యేది. జడన్నా వేసి పోవే అని అడిగేది పాపం. తడి జుట్టు దిండు మీద పరిచి వచ్చేసేదాన్ని.

గార్డు పారెయ్యబుద్ధి కాక, కడిగి, వేడి గిన్నెలు దించుకోవడానికి వంటింట్లో పెట్టుకున్నాను.

ఇంతలో బాపట్ల సముద్రం ఒడ్డున వీళ్ళ బళ్ళ కలయిక వచ్చింది. ఆయన దర్జాగా బండి మీద వెళ్ళాడు. నేను ఇరవైమందికి పులిహోర కలిపి, గిన్నె కిందకి ఆ గార్డు కూడా పట్టుకుని రైల్లో మోసుకెళ్ళాను. అక్కడ చూడాలమ్మా, బొజ్జలేసుకుని, మిట్టమధ్యాహ్నం తోలు కోట్లు. బండి తోలేవాడు ఒక్కడు లేడు, అందరూ గుడ్డపెట్టి తుడిచేవాళ్ళే. ఇసకలో స్టాండు దిగబడి ఒక బండి పడితే, నలుగురు పరిగెత్తి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి ఇసక ఊదారు. మా అక్క పడ్డప్పుడు ఇంత హడావిడి లేదు.

నేను గార్డు ఇసకలో వేసి, దానిమీద గిన్నె దించాను. రేపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి విస్తరి పట్టుకుని వంగాడు. పులిహోరకే అనుకున్నాను. గిన్నె పక్కకి జరిపేశాడు.

"చెల్లెమ్మా, ఇది ఒరిజినల్ గార్డు కదూ? ఇప్పుడెక్కడా దొరకదు."

అందరూ మూగారు. దానిమీది పసుపు మరకలు కూడా వేళ్ళతో తడిమారు. ఇది బిగించి పాత సీటు పెడితేనే బండికి అందమని ఆ పెద్దమనిషి చెప్తుంటే మా ఆయన బుద్ధిగా తలూపాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిందీ అదే. కాకపోతే నేను ఒరిజినల్ కాదు కదా.

"పాత సీటు ఉందా?" అని నన్నడిగాడు మా ఆయన.

"ఉందండి. పెరట్లో దానిమీద పిల్లి పడుకుంటోంది. దాన్నే అడగండి," అన్నాను.

వారం తిరక్కుండా రెండూ బండెక్కాయి. ఇప్పుడు ఎక్కడ ఆగినా, వెనక కూర్చున్న నన్ను కాదు, గార్డునే నలుగురికీ చూపిస్తాడు. చూపించుకోనీ. నేను మాత్రం అక్క జుట్టు ఆరేదాకా ఉండి, జడ వేసి మరీ వస్తున్నాను.

మీ ఇంటి బండికి వెనక సీటు ఎన్నడూ ఊడకూడదు. దానిమీద కూర్చునే మనిషి చల్లగా ఉండాలి, మీ ఇల్లు పచ్చగా ఉండాలి.