రాక్షసుడి పక్షం మాట్లాడిన రాఘవమ్మ

లిదియమ్మ చర్చిలో వాక్యం చదివితే సగంమంది కునుకు తీసేవాళ్ళు. అదే గొంతుతో వారపత్రికలో రాక్షసుడి సీరియల్ చదివితే ఉదయగిరి చెంచాల షెడ్డులో ఒక్కరూ దగ్గేవాళ్ళు కాదు. ఈ సంగతి తెలిసి పాస్టరుగారు మందలించారు. "దేవుడికి లేని బాధ ఈయనకెందుకు?" అనేసిందామె.

తొంభై ఒకటిలో నేనూ ఆ షెడ్డులోనే కొయ్య చెంచాలకు గరుకు కాగితం పట్టేదాన్ని. మాలో ధారాళంగా చదవగలిగింది లిదియమ్మ ఒక్కతే. పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి వదిలి వచ్చేసిన మనిషి. ఎందుకక్కా అంటే, "గుర్తులేదు" అని ఉలి అందుకునేది. పత్రిక వచ్చిన రోజు మాత్రం ఆ ఉలి పక్కన పడేది. చదివేటప్పుడు ఆమె చేతి పని ఆగిపోతుంది కాబట్టి, ఆమె కూలి పోకుండా మేం తలా ఒక చెంచా ఆమె గంపలో వేసేవాళ్ళం. అది మా షెడ్డు ఆచారం.

ఆ యేడు కథలో ఒక రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయి కొండమీద కోటలో పెడతాడు. పగలు పూలు తెస్తాడు, పొద్దుగూకితే గోళ్ళతో చీరేస్తాడు. మేమంతా వాణ్ణి నోరారా తిట్టేవాళ్ళం. రాఘవమ్మ ఒక్కతే వాడి పక్షం.

"వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం! లోపల మంచోడే. ఆ పిల్లే కాస్త ఓర్చుకోవాల," అనేది.

"అట్టయితే నువ్వే పోయి కాపరం చెయ్ వాడితో," అని మస్తానమ్మ ఎగతాళి చేసేది. అందరం నవ్వేవాళ్ళం, రాఘవమ్మతో సహా. లిదియమ్మ నవ్వేది కాదు.

ఒకరోజు నన్ను పక్కకు పిలిచింది. "కథలో ఎవురి పక్కన మాట్లాడతారో చూడు, వాళ్ళింట్లో ఏం జరగతా ఉండాదో తెలిసిపోతాది. రాఘవమ్మ చెయ్యి చూసినావా?"

చూశాను. రవికె చేతి కింద కమిలిపోయి ఉంది. మొగుడు శీనయ్య పొద్దున జిలేబీ పొట్లం తెచ్చే మనిషే, తాగితే వేరే మనిషి. వింజమూరులో ఉన్న అక్క వచ్చేయమని ఎన్నోసార్లు కబురు పెట్టింది. "ఆ కథ ఏమవతాదో చూడనీ, అప్పుడు పోదాం" అని రాఘవమ్మ దాటవేసేది. మాకది తమాషాగా ఉండేది. లిదియమ్మకు భయం పట్టుకుంది.

ఆఖరి భాగం వచ్చిన రోజు ఆమె ముందే ఒంటరిగా చదువుకుంది. ముఖం మాడిపోయింది. రాకుమారి ఓర్పుకు శాపం తీరిపోయి రాక్షసుడు అందగాడైన రాజయిపోయాడట. ఇది వింటే రాఘవమ్మ ఇక ఆ ఇల్లు కదలదు.

"పిల్ల తప్పించుకుపోయిందని మార్చి చదివేదా?" అంది నాతో.

"చదువు, ఎవురికి తెలస్తాది?" అన్నాను. అబద్ధాలతో నాకంత పేచీ లేదు. ఆమెకుంది.

చదవడం మొదలుపెట్టింది. శాపం దగ్గరికి వచ్చేసరికి ఆగి తలెత్తింది. రాఘవమ్మ ఆకురాయి ఆపి, కళ్ళార్పకుండా ఆమెనే చూస్తోంది. ఆ చూపు ముందు లిదియమ్మ మార్చలేకపోయింది, ఉన్నదున్నట్టు చదివేసింది.

"అబ్బ, బాగా ముగించినాడు!" అంది మస్తానమ్మ. నాకు ఒళ్ళు మండింది. ఎక్కడో ఫ్యాను కింద కూర్చుని రాసేవాడికి మా రాఘవమ్మ గతేం తెలుసు?

రాఘవమ్మ చేతిలోని చెంచాను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత అడిగింది, "అక్కా, వాడికి శాపం పెట్టిందెవురన్నావు?"

"ఒక ముని."

"అంతకుముందు మంచోడేనా?"

"మంచోడే. చీమకు కూడా హాని చేసినోడు కాదంట."

రాఘవమ్మ చెంచామీది పొట్టు ఊది కింద పెట్టింది.

"మావోడికి ఎవురూ శాపం పెట్టలా అక్కా," అంది. కొంగు దులుపుకుని లేచి, "వింజమూరు బస్సు ఇంకా పోలేదు గదా?" అని అడిగింది.