ఎవరూ ముట్టని తెర

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, మేడ మీద గదిలో కూర్చుని యాప్‌లు తయారుచేసే కుళ్లాయప్పకు కుదురు లేదు. కుర్చీలో ఉన్నంతసేపూ కాలు ఆడిస్తూనే ఉంటాడు. బటన్ నొక్కితే తెర మారేలా చెయ్యడం ఎవరికైనా వచ్చు. ఎవరూ నొక్కకపోయినా కోడే సమయం చూసుకుని తెర మార్చేలా రాయడం తన గొప్ప అనుకుంటాడు.

ఎన్నికల ముందు ఒక పార్టీ మండల నాయకుడు, అందరూ పెద్దాయన అనే మనిషి, అతన్ని వేంపల్లెకు పిలిపించాడు. ఆయన తండ్రి కాలంలో ఎవరు ఎటువైపో తేల్చడానికి నాటుబాంబులు పట్టుకు తిరిగేవాళ్లు. ఈయన ఫోన్ చాలన్నాడు.

"మావోళ్లు ఇంటింటికీ పోయి ఎవరి పక్క అని అడుగుతారు. పలకనోడు మనోడు కాదు. కాసేపు చూసి తెర దానంతటదే ఎదుటి పక్షంలోకి పోవాల. మళ్లా వెనక్కి రాగూడదు."

కుళ్లాయప్ప సరేనన్నాడు. పని ఎలా చెయ్యాలా అని ముచ్చటపడ్డాడే గానీ, అది ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు. తెలివి ఎక్కువైన వాళ్లకు పట్టే తెగులే ఇది.

యాప్ పరీక్ష కోసం, పార్టీ తరఫున సర్వే చేసే వలి బాషాతో ఆ మండలంలోని తన సొంత ఊరికే పోయాడు. తొలి ఇల్లు తనదే పడింది. తల్లి సుంకులమ్మ గొర్రెలు మేపుకుని బతికే మనిషి. ఎరువు కోసం రెండు పక్షాల రైతులూ తమ చేలల్లో ఆమె మంద పెట్టించుకుంటారు. అందుకే గొర్రెల కాపరుల ఇళ్లల్లో పార్టీ పేరు నోటికి రాదు. అడిగితే నవ్వి ఊరుకోవడం తాతల నాటి పద్ధతి. అది తెలిసే కోడు రాశాడు మహానుభావుడు.

"ఎవరి పక్క, అత్తా?" అడిగాడు వలి బాషా.

సుంకులమ్మ నవ్వి ఊరుకుంది.

తెర మారే గడువు దగ్గరపడుతోందని కుళ్లాయప్పకు తెలుసు. "ఏదో ఒగటి చెప్పుమా. బిన్నా చెప్పు, టైము అయిపోతాంది."

"ఏంది నాయనా, మన ఇంట్లో ఎప్పుడన్నా చెప్పినామా?"

తెర మారింది. పైన సుంకులమ్మ పేరు, కింద ఎదుటి పక్షం అని అక్షరాలు. వలి బాషా వెనక్కి పోవాలని నొక్కి నొక్కి చూశాడు.

"పెద్దాయన ఫోన్‌లో పేరు పడిపోయిందప్పా," అన్నాడు నేల చూస్తూ.

ఇక పెద్దాయన పక్షం చేలల్లో మందకు చోటుండదు. సగం ఏడాది గొర్రెలను నిలపడానికి నేల లేదని సుంకులమ్మకు వెంటనే అర్థమైంది, ముఖంలో నవ్వు పోయింది.

"నేనేం చెప్పలేదు గదా. ఈ పిల్లోడు గూడా ముట్టలే. మరి ఎవురు తిప్పినారు?"

కుళ్లాయప్ప వలి బాషా చేతిలోని ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"నేనే తిప్పినా అమ్మా," అన్నాడు.