కత్తి పెట్టకూడని పండు

రెడ్డిగూడెంలోని మా తోటలో పెద్ద రసాల మామిడిచెట్టు ఒకటుంది. ఏటా దాని కాయలు దించి వరిగడ్డిలో మగ్గేసినప్పుడు ఒక పండు పక్కన పెట్టేవాణ్ణి. అది డెన్మార్క్ నుంచి రావలసిన ఒక వడ్రంగి కోసం. మా ఆవిడ నాలుగు రోజులు ఓపిక పట్టేది. "ఏంటండీ, మీ వడ్రంగాయన ఈ ఏడూ రాలేదా? పండు మెత్తబడిపోతోంది, మీరే కానివ్వండి" అని చేతిలో పెట్టేది. తినేవాణ్ణి. తిన్నంతసేపూ అతనే గుర్తొచ్చేవాడు.

నేను పట్టాళంలో ఉండగా ఐక్యరాజ్యసమితి నీలి టోపీ పెట్టి ఆఫ్రికాలో ఒక ఎడారి సరిహద్దుకి పంపారు. రెండు దేశాలు కొట్టుకుని అలిసిపోయిన చోటది. మళ్ళీ కొట్టుకోకుండా మధ్యలో నిలబడటమే మా పని. పక్క గుడారాల్లో డెన్మార్క్ వాళ్ళుండేవారు. ఒకరోజు మా భోజనాల బల్ల కాలు ఊగుతుంటే, అడక్కుండానే వచ్చి బాగుచేశాడు అతను. వడ్రంగినని చెప్పాడు.

"వడ్రంగివైతే ఇక్కడేం చేస్తున్నావు?" అని వచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

తమ దేశం మీదకి ఎవరో వచ్చిపడతారన్న భయం తగ్గాక, పరాయిచోట్ల శాంతి నిలపడానికని వాళ్ళ సైన్యం ఒక బ్రిగేడ్ కట్టిందట. అందులో చాలామంది ఇంటి దగ్గర మామూలు పనులు చేసుకునేవాళ్ళే. ముందే సంతకం పెట్టి ఉంటారు. పిలుపొస్తే ఉలి పక్కన పెట్టి తుపాకి పట్టాలి, గడువు తీరాక మళ్ళీ ఉలి పట్టాలి.

"మా ఊళ్ళో కాయ దించే కూలీలూ అంతే. సీజనుకి పిలిస్తే వస్తారు" అన్నాను.

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నేను అసలు సిసలు సిపాయినన్న పొగరు నాకుండేది. అతని ముందు అది నిలవలేదు.

ఇంటి మీద బెంగపెట్టుకున్నవాడికి తిండి గురించే కబుర్లు. రసం ఎలా తినాలో అతనికి నేర్పాలని నాకు పట్టుదల పుట్టింది. మామిడిపండు లేదు కదా, వంటవాణ్ణి బతిమాలి బాగా పండిన టమాటా తెచ్చాను. రెండు చేతుల మధ్యా మెల్లగా నలపాలి, తొడిమ ఉండే ముచ్చిక దగ్గర చిదిమి సొన చుక్క పిండెయ్యాలి, ఆ తర్వాత జుర్రుకోవాలి. అతని టమాటా చేతిలోనే పేలి చొక్కా అంతా పాడైంది. మిగిలింది కోసుకుందామని జేబులోంచి చాకు తీశాడు.

"ఛీ! మామిడిపండుకి కత్తి పెట్టేవాడు మనిషేనా?" అని కసిరాను.

ఆ మాట చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. గడువు తీరి వెళ్ళేరోజు, పండ్ల కాలంలో మీ ఊరొస్తానని చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు.

అతను రాసిచ్చిన చిరునామా నా ట్రంకుపెట్టెలో చెదలపాలైంది. బ్రిగేడ్ పేరు మీద ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. ఆ బ్రిగేడ్‌ని రద్దు చేశారని చాలా కాలానికి తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. మనుషుల్ని అంత దూరం తీసుకెళ్ళి కలిపి, తర్వాత వెతుక్కునే చోటే లేకుండా చేస్తారా?

ఈ వేసవిలో మా అమ్మాయి మా ఇద్దరి పాత ఫోటో ఒకటి, అక్కడ పనిచేసిన సైనికుల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టింది. వారానికి జవాబొచ్చింది. రాసింది అతని భార్య. అతను పోయి రెండేళ్ళయిందట. మా అమ్మాయి మిగతాది తెలుగులో చదివి చెప్పింది.

"ప్రతి వేసవిలో బజారు నుంచి మామిడిపండు తెచ్చేవారు. కత్తి ముట్టుకోనిచ్చేవారు కాదు. పిల్లలూ ఆయనా కూర్చుని ఎంతసేపు నలిపినా రసం వచ్చేది కాదు, పీచూ గుజ్జూ ముఖమంతా పులుముకునేవారు. ఇండియా వెళ్తే సరిగ్గా నేర్చుకుంటాననేవారు. మేం చేసినదాంట్లో తప్పేంటండీ?"

అక్కడ అమ్మేవి కోసుకు తినే రకాలు. వాటిని పగలంతా నలిపినా రసం రాదు. పండంటే రసమేనని మిడిసిపడేవాణ్ణి, కోసుకు తినే పండ్లూ ఉంటాయని చెప్పాలని నాకు తోచనే లేదు. అన్నేళ్ళూ నా మాట పట్టుకుని, ఒక్క పండయినా అతను సుఖంగా తినలేదు.

"ఏం రాయమంటావు నాన్నా?" అంది మా అమ్మాయి.

"తప్పు నాదని రాయి. ఇక నుంచి కత్తితో కోసుకోమని రాయి. పిల్లల్ని తీసుకుని రమ్మను, రసం నేను నేర్పుతాను."

గడ్డిలో ఈ ఏటి పండు మెత్తబడి ఉంది. మా ఆవిడ ఈసారి ఏమీ అనకుండా తెచ్చి చేతిలో పెట్టింది. చేతులు అలవాటు కొద్దీ నలిపాయి గానీ, తినలేకపోయాను.