పునాది కింద నీళ్ళు

తడిసిన పాత సున్నానికి ఒక వాసన ఉంటుంది. చాలాకాలం మూసి ఉంచిన మట్టికుండ మూత తీసినప్పుడు వచ్చే వాసన లాంటిది. మొన్న గురువారం చెరుకుపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో, చర్చి వేదిక వెనక గోడకు ముఖం దగ్గరగా పెట్టి పగులు చూస్తుండగా ఆ వాసన తగిలింది. పగులు పైనుంచి కిందికి ఏటవాలుగా దిగింది, వేలు పెడితే దూరుతుంది; గోడ బయటికి కాస్త వాలింది కూడా. పక్క కిటికీలోంచి చూస్తే ఆ మూలకు ఆనుకున్నంత దగ్గరలో రొయ్యల చెరువు గట్టు. గోడ ఎందుకు పగిలిందో నాకు అక్కడే తెలిసిపోయింది. కానీ ఆ చెరువు నా భార్య తమ్ముడు శ్రీధర్‌ది. నన్ను తన కారులో అక్కడికి తీసుకొచ్చిందీ అతనే. సంఘం పెద్దలు చేతులు కట్టుకుని నా నోటివంక చూస్తున్నారు. నేను చేతికంటిన సున్నం దులుపుకుని, "పాతదైపోయిందండీ. మీ తాతలనాటి కట్టడం కదా. పడగొట్టి కొత్తది కట్టుకోండి" అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. మళ్ళీ కట్టుకోగలరా అని నేను అడగనూ లేదు.

తిరిగి రేపల్లె వస్తుంటే కారులో శ్రీధర్, "థాంక్స్ బావా" అన్నాడు. దేనికని నేను అడగలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక, పూర్ణచంద్రరావు గారు బతికి ఉంటే ఈ మాట ఆయనతో చెప్పుకోగలిగేవాణ్ణా అన్న ఆలోచన ఒక్కటే తిరుగుతూ ఉండింది. చెప్పుకోలేను. ఈ తొమ్మిదేళ్ళలో ఇంజినీరుగా నాకు తెలిసిందేదైనా ఉంటే అది ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠాన్నే ఆ గోడ దగ్గర అమ్ముకున్నాను.

రెండువేల సంవత్సరంలో, డిప్లొమా చేతికి రాగానే, తెనాలిలో ఆయన దగ్గర సహాయకుడిగా చేరాను. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై, మెయిన్ రోడ్డులో ఒక ఎరువుల కొట్టు పైన గది తీసుకుని పగుళ్ళిచ్చిన ఇళ్ళు చూసేవారు. కొత్త ఇళ్ళకు ప్లాన్లు గీసేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారని, జబ్బుపడ్డ ఇళ్ళను చూసేవాడు ఒక్కడైనా ఉండాలని అనేవారు. గదిలో గోడకు వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే, అదే ఎత్తులో, ఒక పెద్ద నలుపు తెలుపు ఫొటో ఉండేవి. ఇంగ్లండులో వించెస్టర్ అనే ఊళ్ళోని కేథడ్రల్ అనే పెద్ద చర్చి అది, తొమ్మిది వందల ఏళ్ళ నాటిది. బారులు తీరిన రాతి స్తంభాలు పైకి పోయి, కొమ్మలు చాపి, కప్పు దగ్గర ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంటాయి. కింద మనుషులు చీమల్లా కనిపిస్తారు. నందివెలుగు నుంచి వచ్చే ఒక రైతు ఆ పటం చూసినప్పుడల్లా, "ఏంటి సార్, మతం గానీ పుచ్చుకున్నారా?" అని ఏడిపించేవాడు. "పునాది పుచ్చుకున్నానయ్యా" అనేవారాయన, తలెత్తకుండా.

"మీరు చూశారా సార్ దీన్ని?" అని మొదటి వారంలోనే అడిగాను.

"నేనెక్కడ చూశాను? రేపల్లె దాటితే సముద్రం. నాకు ఈత రాదు" అన్నారు. నవ్వి, కుర్చీ నా వైపు తిప్పారు. ఆ సాయంత్రం ఆయన చెప్పిన కథ ఇప్పటికీ వరసగా గుర్తుంది. ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడ అంతకుముందున్న పాత చర్చిని తీసేసి ఈ మహా కట్టడం మొదలుపెట్టారు. అప్పటి పద్ధతి బరువైన పద్ధతి, ఏనుగు కాళ్ళలాంటి స్తంభాలు, వాటి మీద అర్ధచంద్రాకారపు ఆర్చీలు. నడిమధ్య ఒక గోపురం. లోకులు ద్వేషించిన ఒక రాజు చనిపోతే అతన్ని ఆ గోపురం కింద పాతిపెట్టారు. కొన్నేళ్ళకే గోపురం కూలిపోయింది. ఆ పాపిష్టివాణ్ణి అక్కడ పెట్టినందుకే కూలిందని జనం చెప్పుకున్నారు.

"నువ్వేమంటావు?" అని అడిగారు.

నేను తడుముకున్నాను. "నేల మెత్తగా ఉండి ఉంటుంది సార్."

"ఆ. రాజు పాపాలు రాజువి. గోపురాన్ని మోసింది మాత్రం నేలే. కానీ జనానికి రాజు మీద తోసెయ్యడం సుఖం. ఇక మళ్ళీ కింద ఏముందో ఎవరూ చూడక్కర్లేదు గదా." ఆ తర్వాత ఫొటోలోని స్తంభాల మీద పెన్సిలు పెట్టి చూపించారు. మూడు వందల ఏళ్ళు గడిచాక పద్ధతి మారింది. కోసుగా లేచే ఆర్చీలు, ఎత్తైన కిటికీలు వచ్చాయి. అప్పటివాళ్ళు ఈ పొడుగాటి నడిమి హాలును పడగొట్టలేదు. పాత స్తంభాలను ఉన్నచోటనే సన్నగా చెక్కి, కొన్నిటికి కొత్త రాయి తొడిగి, రూపం మార్చారు. పైకి సన్నగా నాజూగ్గా కనిపించే ప్రతి స్తంభం లోపలా ఆ మొదటి మొరటు రాయి ఇంకా బరువు మోస్తూనే ఉంది. "పాతది పనికిరాదనుకునే ముందు, అది ఇంకా ఏం మోస్తోందో చూసుకోవాలోయ్" అన్నారు.

ఆ మాట నేను విన్నాను గాని పట్టుకోలేదు. పట్టుకోలేదని బాపట్లలో బయటపడింది. అక్కడ ఒక రిటైర్డు టీచరుగారి ఇంటి దక్షిణపు గోడ నెర్రె విచ్చింది. నేను ముందే వెళ్ళి చూసొచ్చి రిపోర్టు రాశాను. 'భవనం పాతది కావడం వల్ల' అని మొదలుపెట్టాను. సార్ అది చదివి, ఆ ముక్క కింద గీత గీసి నా ముందు పెట్టారు. "నీ వయసెంత?" అన్నారు. ఇరవై రెండని చెప్పాను. "నాకు అరవై నాలుగు. నాకు మోకాలు నొప్పి. డాక్టరు దగ్గరికెళ్తే వయసైపోయింది అంటాడు. మరి రెండో మోకాలికీ అంతే వయసు కదా, అదెందుకు నొప్పెట్టదూ? వయసు కారణం కాదోయ్. కారణం వెతకడం చేతగానివాడు చెప్పే మాట అది. లేదా, తెలిసీ చెప్పడం ఇష్టంలేనివాడు."

మర్నాడు ఇద్దరం పాసింజరులో బాపట్ల వెళ్ళాం. గోడ మొదట్లో గుంట తీయించారు. మూడడుగులు దిగగానే ఇసుక తడిగా, సబ్బు వాసనతో పైకొచ్చింది. స్నానాల గది నీళ్ళు పోయే తూము లోపల విరిగి, ఏళ్ళ తరబడి నీళ్ళు పునాది కిందికే పోతున్నాయి. టీచరుగారికి కోపం వచ్చింది. "అంటే మా ఇంటిని మేమే పాడుచేసుకున్నామంటారా? ఈ మాట చెప్పడానికా తెనాలి నుంచి పిలిపించింది?"

"నేననలేదు మాస్టారూ. గోడనడిగితే అది చెప్పింది" అన్నారు సార్. టీచరుగారి భార్య లోపల్నుంచి పకపకా నవ్వింది. "ఆ తూము బాగుచేయించండని పదేళ్ళనుంచీ నేను చెప్తుంటే గోడకున్నపాటి విలువ నాకు లేకపోయింది!" కాఫీలు తాగి వచ్చాం.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆయన కేథడ్రల్ కథలో మిగిలిన సగం చెప్పారు. దాని తూర్పు కొసను పొడిగించినప్పుడు అక్కడ నేల మన రేపల్లె పొలాల్లాంటిదే. తవ్వితే నీళ్ళు. వాళ్ళు బీచ్ అనే అక్కడి చెట్ల దుంగలు పరిచి, ఆ దుంగల తెప్ప మీదే రాతి గోడలు లేపారు. వందల ఏళ్ళు నిలబడింది. ఆ తర్వాత, ఇప్పటికి నూరేళ్ళ కిందట, గోడలు వాలిపోయాయి, కప్పు నుంచి రాళ్ళు రాలాయి. పునాది దాకా తవ్వబోతే గుంటలన్నీ నీళ్ళతో నిండిపోయాయి. నీళ్ళు తోడేస్తే గోడలే కూలేట్టున్నాయి. అప్పుడు ఒక గజ ఈతగాణ్ణి, బరువైన డైవరు దుస్తులు తొడిగించి, ఆ గుంటల్లోకి దింపారు. బురదనీళ్ళలో ఏమీ కనిపించదు. చేతులతో తడుముకుంటూ, గోడ కింద కాంక్రీటు సంచులు పేర్చుకుంటూ, అలా ఏళ్ళ తరబడి పనిచేశాడు. అడుగున నీళ్ళు ఆగాక తాపీవాళ్ళు దిగి మిగతాది కట్టారు.

ఆ మరుసటి ఏడాది ఇంజినీర్ల పత్రిక ఒకటి తెచ్చి నా బల్లమీద పడేశారు. ఎప్పుడూ లేనంత కోపంగా ఉన్నారు. ఆ డైవరు జ్ఞాపకార్థం కేథడ్రల్లో నిలబెట్టిన విగ్రహానికి పొరపాటున అతని ముఖం కాక, అక్కడ పనిచేసిన ఇంజినీరు ముఖం వచ్చిందట. ఇన్నేళ్ళకు దాన్ని తీసి కొత్తది పెట్టారట. "చూశావా? బురదలో దిగింది ఒకడు. తల మాత్రం మన ఇంజినీర్లది" అన్నారు. నవ్వుతానేమోనని చూశారు. నేను నవ్వలేదు.

నేను రేపల్లెలో సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక తెనాలి వెళ్ళడం తగ్గింది. ఆయనకు గుండెజబ్బు చేసినప్పుడు ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఏం కడుతున్నానో, ఎంతమంది పనివాళ్ళున్నారో గొప్పగా చెప్పుకుంటూ పోయాను. అంతా విని, "ఈ మధ్య ఎవరికైనా చేదు మాట చెప్పావా?" అని అడిగారు. అర్థం కానట్టు నవ్వి, మాట మార్చాను. ఆయన రెట్టించలేదు. పళ్ళు తీసుకోమన్నారు. అదే చివరిసారి చూడటం.

చర్చి పడగొట్టడానికి సోమవారం పొక్లెయిన్ మాట్లాడారని శనివారం శ్రీధరే ఫోనులో చెప్పాడు. ఆదివారం పొద్దున మోటారు సైకిలు మీద ఒక్కణ్ణే వెళ్ళాను. ప్రార్థన బయట పందిట్లో జరుగుతోంది. చర్చిలోని బల్లలన్నీ తెచ్చి పందిట్లో వేసుకున్నారు. ప్రార్థన అయ్యేదాకా నిలబడి, పాస్టరుగారి అనుమతి అడిగి, అందరి ముందూ చెప్పాను. గోడ వాలింది వయసు వల్ల కాదని, చెరువు నీళ్ళు ఆ మూల పునాది కిందికి ఊరుతున్నాయని, మిగతా మూడు గోడలకూ ఏమీ కాలేదని, కట్టడాన్ని కాపాడుకోవచ్చని.

ముందు వరుసలో కూర్చున్న మరియమ్మగారు లేచింది. ఆ చర్చికి ఇటుకలు మోసినవాళ్ళలో తన తాత ఉన్నాడని గురువారం నాకు చెప్పింది ఆవిడే. "మరి మొన్న పాతదైపోయిందన్నారు గదా బాబుగారూ?"

"అబద్ధం చెప్పాను మామ్మగారూ. చెరువు మావాళ్ళదని."

ఆవిడ నా వైపు చూసి, "ఆ రాత్రంతా ఏడ్చానయ్యా" అని మాత్రం అంది.

చెరువు గట్టు మీంచి శ్రీధర్ పరుగున వచ్చాడు. "బావా, నీకు మతి గానీ పోయిందా? ఇంకో నెలలో రొయ్య పట్టుబడి పెట్టుకుని నన్ను రోడ్డున నిలబెడతావా? అక్కకేం చెప్పను?"

"అక్కకు నేను చెప్పాను. రొయ్య పట్టుకో. ఆ తర్వాత చెరువు పూడ్చాలి. పూడ్చనంటే వీళ్ళ తరఫున ఫిర్యాదు రాసిచ్చేది నేనే" అన్నాను. అతను విసురుగా వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఆ మధ్యాహ్నమే బాపట్ల నుంచి సరుగుడు దుంగలు తెప్పించి వాలిన గోడకు ఊతంగా పోట్లు పెట్టించాను. పొక్లెయిన్ రావద్దని ఫోను చేయించాను. చెరువు ఎండిన తర్వాత మూల కింద ముక్కలు ముక్కలుగా తవ్వి కొత్త పునాది వెయ్యాలి. ఆ గుంటలో దిగేటప్పుడు పనివాళ్ళతో పాటు నేనూ ఉంటాను.

పొద్దు వాలేసరికి దుంగలు బిగిశాయి. వేదిక వైపు రెండు వరుసలు ఖాళీగా వదిలేసి, మిగతా బల్లలు లోపల వేసుకోవచ్చని చెప్పాను. వెంటనే ఎవరూ కదల్లేదు. నా మాట మీద మళ్ళీ నమ్మకం కుదరడానికి వాళ్ళకు సమయం కావాలి, అది వాళ్ళ హక్కు. నేను ఒక బల్ల కొస పట్టుకుని వంగాను. టేకు బల్ల, ఒక్కడికి లేవదు. కాసేపు అలాగే వంగి ఉన్నాను. అప్పుడు మరియమ్మగారు చీరకొంగు నడుముకు దోపి, రెండో కొస పట్టుకుంది.