నేను అరగదీయించిన మీట

కర్దనూర్ చుట్టుపక్కల మూడు ఊళ్లకు మా ముత్తాత, ఆయన తర్వాత మా తాత శిస్తు వసూలు చేసే మాలీ పటేళ్లు. దసరానాడు జమ్మి దగ్గర మొదట తుపాకి పేల్చే మర్యాద మా ఇంటిది. నా వంతుకు మిగిలింది ఆ చెకుముకి తుపాకి. రాయిని ఉక్కుకు కొట్టి నిప్పు పుట్టించే ఘోడా అందులో విరిగిపోయింది.

పాత నమూనాలో కొత్తగా చేసిన ఘోడాలు రెండు తెప్పించి, పటాన్‌చెరులో లేత్ షాపు నడిపే ఖలీల్‌కు చూపించాను. సాదాది గట్టిదన్నాడు. నేను నగిషీలున్నది బిగించమన్నాను. పేల్చడానికి వేలితో నొక్కే మీట బిగువుగా ఉందని అరగదీయించాను కూడా.

"ఇంక గీకితే ఎత్తిన ఘోడా ఆగదు, పటేల్ సాబ్."

"మా ఇంటి తుపాకి సంగతి నువ్వు నాకు చెప్తవా? గీకు."

దసరానాడు ఖలీల్ తుపాకిలో మందు పోస్తుండగానే ఎత్తిన ఘోడా దానంతట అదే పడింది. మందు భగ్గుమని అతని కుడిచెయ్యి కాలింది.

"ఏంది ఖలీలూ, గిదేనా నీ పనితనం? పటేల్ ఇజ్జత్ తీస్తివి గద," అన్నాడు మా ఊరి పెద్దమనిషి.

ఖలీల్ నా వైపు చూశాడు. నేను తుపాకి అందుకుని మసి తుడిచాను.

"గల్తీ నాదే," అన్నాడు.

అతని వేళ్లు ఇప్పుడు ముడుచుకోవు. ఊళ్లో ఎవరికీ చెప్పలేని నిజం మొదటిసారి ఇది చదివే మీకు రాస్తున్నాను. పోయిన నెల ఖలీల్ తన లేత్ మిషన్ అమ్మేశాడు.