కొళాయి కట్టేసే అత్త

మా మేనత్త ఎక్కడ కొళాయి కారుతున్నా లేచి వెళ్లి కట్టేస్తుంది. కట్టేశాక చుక్క పడుతోందేమోనని కింద అరచెయ్యి పట్టి చూస్తుంది. మా ఊరు చాకవేలులో బోర్లు ఎండిపోవడం చూసిన మనిషి.

ఇంటిల్లిపాదీ కలిసి కన్నడ తీరంలోని మల్పెకు వెళ్లేముందు అక్కడ ఏం చూడాలో, ఎక్కడ తినాలో ఫోన్లో తెగ వెతికాను. పొద్దున నీరుదోసెలు తిని పడవెక్కాం. అత్త మాత్రం పడవ ఎక్కలేదు. సముద్రానికి వీపు తిప్పి, జనం కాళ్ల ఇసుక కడుక్కునే కొళాయిల దగ్గర నిలబడింది. వాళ్లు తిప్పి వదిలేసి పోతుంటే, ఒక్కొక్కటే కట్టేస్తోంది.

"అంత సముద్రం ఉండాది గదత్తా, చూడరాదా?" అన్నాను తిరిగొచ్చి.

"అవి తాగే నీళ్లు కాదు గదప్పా."

అంతలో ఖరీదైన చీర కట్టుకున్న ఒకావిడ నన్ను కన్నడంలో అడిగింది, ఈ ముసలామె ఇక్కడ పనిచేస్తుందా అని. ఆమె మా అత్త అని చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నట్టు తలూపి, అవతలికి నడిచాను.

మధ్యాహ్నం హోటల్లో అందరూ చేపల పులుసు మెచ్చుకుంటున్నారు. అత్త నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అంది:

"ఆయమ్మ నన్ను కూడా అడిగిందప్పా. ఈడే పని చేస్తాండానని చెప్పినాలే. నువ్వు తలూపితివే, అది అబద్ధం కాకూడదు గదా."