అందరి ముందు చదివిన బరువు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళే అంటారు. ఇరవై రెండేళ్ళుగా గర్భిణుల బరువు చూసే నర్సుని. తూకం మీద ఎంతుందో నేను గట్టిగా చదువుతాను, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి రాసుకుంటుంది. వరసలో ఉన్న పాతికమందీ వింటారు. సిగ్గేసైనా నాలుగు ముద్దలు ఎక్కువ తింటారని నా ఉద్దేశం.

వాళ్ళలో ఒకామె ఓ కుట్టు కేంద్రంలో గుడ్డ కత్తిరించేది. మూడో నెలలో నలభై మూడు కిలోలు, ఐదో నెలలోనూ అంతే.

"ఏం తింటున్నావమ్మా, గాలా?" అన్నాను. నవ్వింది. కూపీ లాగితే తేలిందేమిటంటే, ఇంట్లో వడ్డిస్తుంటే మొదటిసారి "చాలు" అనడం ఆమెకు అలవాటు. రెండోసారి అడిగితే వేయించుకునేది. అత్తగారు చెడ్డది కాదు, చాలంటే చాలనుకునే మనిషి. పనిలో డబ్బా తెరిస్తే పక్కవాళ్ళు తలో ముద్దా రుచి చూసేవారు. వద్దనడం ఈమెకు చేతకాదు.

"మొహమాటానికి పోతే కడుపయిందట. నీకు కడుపయ్యాక కూడా అది పోలేదే," అన్నాను. వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆమెను పేరు పెట్టి పిలవలేదు, "ఏమ్మా మొహమాటం" అనేదాన్ని.

ఆరో నెలలో నలభై ఐదు వచ్చింది. నా సంతోషం పట్టలేక, "చూడండి, చెబితే విన్నది ఈమె ఒక్కతే," అని అందరికీ చూపించాను. ఏడో నెలలో నలభై ఏడున్నర. పొట్ట మీద టేపు పెడితే మాత్రం నెలలకు తగ్గ ఎత్తు లేదు. బరువు బాగానే పెరుగుతోంది కదా, సన్నటి మనిషి, బిడ్డ లోపల సర్దుకుని ఉంటుందిలే అనుకున్నాను. డాక్టరుగారికి చెప్పలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఏడాది పట్టింది.

ఎనిమిదో నెలలో ఆమె తూకం దిగుతుంటే, లోపలి లంగాకి కుట్టుకున్న జేబు ఊడి ఓ ఇనుప దిమ్మ నేల మీద పడింది. కత్తిరించేటప్పుడు గుడ్డ జరగకుండా పైన పెడతారే, అది. పక్కగదిలోకి తీసుకెళ్తే ఇంకో మూడు తీసింది. అన్నీ కలిపి ఐదు కిలోలు.

"ఎందుకే ఇలా చేశావు?"

"మొదటిసారి తిడతారని పెట్టుకున్నానక్కా. మీరేమో అందరికీ చూపించి మెచ్చుకున్నారు. మళ్ళీ తగ్గితే మీ మాట పోతుంది కదా."

"దాని బదులు తినొచ్చు కదా."

"అడగాలి కదక్కా," అంది.

ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాం. నాలుగో రోజున ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, పధ్నాలుగు వందల గ్రాములు. బతికింది. ఆ సంగతి ముందే చెబుతున్నాను, లేకపోతే మిగతాది నేను చెప్పలేను. కానీ "నెల ముందు పంపాల్సింది," అని అక్కడి డాక్టరు మా డాక్టరుగారికి ఫోన్ చేసి మరీ అన్నారు.

పది రోజులకి చూడ్డానికి వెళ్ళాను. బిడ్డ ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంది, రేపటి మాట ఎవరూ చెప్పడం లేదు. బస్సులో దారి పొడుగునా ఒకటే మాట అనుకుంటూ వచ్చాను: తప్పు నాదమ్మా, నన్ను క్షమించు.

గది బయట ఒకటే కుర్చీ. నన్ను చూడగానే ఆమె కుట్లు పట్టుకుని లేచి నిలబడింది.

"కూర్చోండక్కా. నావల్ల మీరు మాట పడ్డారట కదా. ఏమీ అనుకోకండి."

ఊళ్ళో వాళ్ళందరి మీదా లేచే నోటితోనే "పర్లేదులే," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కుర్చీని నా వైపు జరిపింది. నేను కూర్చున్నాను.